చెప్పుల హాజరు

జపాన్ సంస్కృతిలో ఆరు వారాలు మునిగి తేలడానికి వేసవిలో కళింగ తీర విశ్వవిద్యాలయం నుంచి వెళ్ళిన పద్దెనిమిది మందిలో పదిహేడుగురు మనుషులుగా తిరిగొచ్చారు, ఎమ్మే విద్యార్థిని పొట్నూరి నాగవర్ధిని మాత్రం చెప్పుల జతగా తిరిగొచ్చింది. విమానాశ్రయంలో పదిహేడు దండలు మెడల్లో పడ్డాయి, పద్దెనిమిదోది పట్టీల మీద పడింది. శాఖ తరఫున ఫొటో తీశారు. అందులో చెప్పుల్ని ముందు వరసలో ఉంచారు, పొట్టివి కాబట్టి.

ఇందులో ఎవరి తప్పూ లేదు. కార్యక్రమాన్ని నడిపించిన ఆచార్య చామర్తి సోమయాజులు గారి బూట్లకి లేసులెక్కువ. జపాన్‌లో ఇంట్లోకి వెళ్ళినా తరగతిలోకి వెళ్ళినా పాదరక్షలు గుమ్మం దగ్గర విడవాలి. విప్పడానికోసారీ కట్టడానికోసారీ రోజుకి పద్నాలుగుసార్లు వంగాల్సి వచ్చింది. వంగడం అక్కడి సంస్కృతే అయినా, ఆయన నడుము ఆ సంస్కృతిలో మునగనంది. అందుకని రెండో రోజు నుంచి ఆయన గుమ్మం బయటే నిలబడి, లోపలున్న వాళ్ళ బదులు బయటున్న జతల్ని లెక్కపెట్టి హాజరు వేశారు. ఆరు వారాలూ హాజరు పట్టీలోకి ఎక్కింది చెప్పు పట్టీలే. నూటికి నూరు శాతం. అలాంటి హాజరు ఆ విశ్వవిద్యాలయం ఎన్నడూ ఎరగదు.

చివరి రోజు వీడ్కోలు విందు ఒకామోతో అనే ఒకామె ఇంట్లో జరిగింది. బస్సు వచ్చేసరికి నాగవర్ధిని మరుగుదొడ్డిలో ఉంది. అక్కడ దానికి వేరే స్లిప్పర్లుంటాయి, అవి తొడుక్కుంది. అతిథుల చెప్పుల మొహం వీధివైపు తిప్పి ఉంచడం ఆ ఊరి మర్యాద. ఒకామోతో గారు ఆ మర్యాద చేసింది. ప్రయాణానికి సిద్ధంగా, వీధివైపు తిరిగి, నోరెత్తకుండా నిలబడ్డ విద్యార్థినిని చూసి సోమయాజులు గారు సంతోషించి, చంకన పెట్టుకుని బస్సెక్కారు. పద్దెనిమిది జతలూ సరిపోయాయి. పాస్‌పోర్టులన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఇమిగ్రేషన్ అధికారి ఫొటోతో పోల్చి చూసి, ఫొటోలో కాళ్ళు పడలేదు కాబట్టి అభ్యంతరం చెప్పడానికి తన దగ్గర ఆధారం లేదన్నాడు. విమానంలో కిటికీ పక్క సీటు వచ్చింది, బెల్టు పెట్టారు. శాకాహారమా, మాంసాహారమా అని అడిగితే తోటి విద్యార్థులు చెప్పుల్ని తిరగేసి చూసి, తోలే కాబట్టి మాంసాహారమని నిజం చెప్పారు.

నాగవర్ధిని మనిషి పదకొండు రోజుల తర్వాత, రాయబార కార్యాలయం ఇచ్చిన కాగితంతో, మరుగుదొడ్డి స్లిప్పర్లతో, బుధవారం మధ్యాహ్నం హాస్టల్లో దిగింది. తన గదిలో, తన మంచం మీద, తన దుప్పటి కప్పుకుని తన చెప్పులు పడుకుని ఉన్నాయి. ఆమె ఆ దుప్పటి లాగబోయింది.

"మెల్లగా. లెగుస్తాయి," అంది అదే గదిలో, అదే తరగతిలో ఉండే బమ్మిడి కరుణ, జడ అల్లుకుంటూ.

"కరుణా, అవి నా చెప్పులే."

"తెల్సు. ఏటనుకోకు గానీ నీకన్నా నయమే. ఫోన్లో అరవ్వు, నా సబ్బు వాడవ్వు. మొన్న మీ అమ్మొచ్చి సూసెళ్ళింది. బాగా సిక్కిపోనావని ఏడ్సింది. సున్నుండలెట్టింది."

"ఎవరికి?"

"వాటికే. నాను తిన్నాననుకో."

నాగవర్ధిని స్లిప్పర్లు మంచం కింద విడిచి, చెప్పులు కాళ్ళకి వేసుకోబోయింది. కరుణ ఆమె చెయ్యి పట్టుకుని, వార్డెన్ చూస్తే ర్యాగింగ్ కింద రాస్తుందని చెప్పి, ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆఖరి సెమిస్టర్ హాల్ టికెట్ల జాబితా ఆ సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. పేరొకటే, నంబరొకటే. ఐదులోగా తను తనేనని రాయించుకోకపోతే రెండేళ్ళ చదువు పాదాల కిందికి పోతుంది. నాగవర్ధిని చెప్పుల్ని దుప్పటితో సహా ఎత్తుకుని, వట్టి కాళ్ళతో పరీక్షల విభాగానికి పరుగెత్తింది.

విభాగం సూపరింటెండెంటు గొర్లె సూరప్పడు గారు మంచి మనిషి. ఆయన బల్లముందు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోబోతుంటే, చెప్పుల్ని కూర్చోబెట్టమని సైగ చేశాడు.

"ఏటమ్మా?"

"నేను పొట్నూరి నాగవర్ధినినండి."

"ఆవిడొచ్చీసి పదకొండు రోజులైపోనాది. రిపోర్టు కూడా ఇచ్చీసింది."

"అవి చెప్పులండి."

"సెప్పులనే రాసుంది కదా. మేం కాదన్నామేటి?" అని ఆయన ఫైలు తిప్పి చూపించాడు. మొదటి గడిలో పేరు, రెండో గడిలో తండ్రి పేరు, మూడో గడిలో సైజు ఆరు. కింద సెమినార్ నివేదిక ఉంది. 'జపాన్ సంస్కృతిలో మౌనం' అనే అంశం మీద చెప్పులు శాఖ ముందు నలభై నిమిషాలు ప్రసంగించాయి. ప్రశ్నల సమయంలో ఒక్క ప్రశ్నకీ తొణకలేదు. అంశాన్ని ఇంతగా జీర్ణించుకున్న విద్యార్థిని తమ అనుభవంలో లేదని ముగ్గురు ఆచార్యులు సంతకం చేశారు. తొంభై నాలుగు మార్కులు. చెప్పడానికి నోరున్న వాళ్ళకి డెబ్బై దాటలేదు, చెప్పులకి తొంభై దాటాయి.

ఆమె సాక్ష్యానికి సోమయాజులు గారిని పిలిపించింది. ఆయన లేసులు సర్దుకుంటూ వచ్చారు.

"సార్, రెండేళ్ళు మొదటి బెంచీలో కూర్చున్నాను. మీకెదురుగా. నన్ను గుర్తుపట్టండి సార్."

ఆయన ఆమె మొహంలోకి, కొత్త ఊళ్ళో దారి వెతుక్కుంటున్నట్టు, చాలాసేపు చూశారు. తర్వాత చూపు కిందికి దించారు.

"పాదాలు ఎక్కడో చూసినట్టే ఉందమ్మా. చెప్పుల్లేకుండా పోల్చుకోవడం కష్టం."

నాగవర్ధిని అక్కడే చెప్పుల్లో కాళ్ళు పెట్టి చూపించింది. ఎడం బొటనవేలి అచ్చు దగ్గర నుంచి అరిగిన మడమ దాకా వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. సూరప్పడు గారు వంగి శ్రద్ధగా చూశాడు.

"సరిపోనాయి. నాకూ బస్సులో సీటు సరిపోద్ది తల్లీ. అయితే బస్సు నాదేటి? అభ్యర్థి మీద నిలబడకు, బాగోదు. దిగు."

ఆమె దిగింది. నాలుగైంది. ఆయనకి జాలేసినట్టుంది, బీరువాలోంచి పాత అడ్మిషన్ ఫైలు తీయించాడు. అసలు సీటు ఎవరికిచ్చారో అందులో ఉంటుంది, అది చూస్తే తేలిపోతుందన్నాడు. నాగవర్ధినికి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు సంతకం పెట్టింది తనే.

"ఎమ్మేలో సేరిన్రోజు లైన్లో నిల్సున్నావా?"

"నిల్చున్నానండి. క్యాంటీన్ దాకా ఉంది లైను."

"నిల్సున్నావా, సెప్పులెట్టావా?"

ఆ రోజు ఎండ మండిపోతోంది. గ్యాసు బండల దగ్గరా రేషను కొట్టు దగ్గరా చేసినట్టే, అందరిలాగే తనూ చెప్పులు వరసలో విడిచి క్యాంటీన్ నీడకి పోయింది. వరస కదిలినప్పుడల్లా వెనకున్నవాళ్ళెవరో కాలితో వాటిని ముందుకి జరిపారు. కిటికీ దగ్గరికి చేరాక పిలిస్తే వచ్చి సంతకం పెట్టింది.

"చెప్పులు పెట్టానండి. అందరూ పెట్టారు."

"నాలుగ్గంటలు ఎండలో ఉన్నదెవులు?"

"చెప్పులు."

"నువ్వేటి సేసావు?"

"సోడా తాగాను."

"మరింకేటి? 'వరసలో ఉన్నవారికే సీటు' అని రాసుంది సూడు. మొదట్నుంచీ సీటు వాటిదే. నువ్వు కూడా వచ్చినావు, అంతే."

ఆయన గొంతులో వెటకారం లేదు. రూలు చదివాడు, అంతే. ఆమె రూలుని మూడుసార్లు చదువుకుంది. ఎక్కడా మెలిక లేదు. ఒక ఆఫీసులో న్యాయం అంత స్పష్టంగా కనిపించడం జీవితంలో అదే మొదటిసారి కావడంతో నాగవర్ధిని ఫైలు మూసి ఆయన చేతికిచ్చేసింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి ఏ గడి నింపాలో తెలియలేదు.

ఐదుకి పది నిమిషాలుందనగా సూరప్పడు గారే దారి చూపించాడు. చేతులు లేని అభ్యర్థికి పరీక్ష రాసిపెట్టే లేఖకురాలిని ఇవ్వొచ్చు. చెప్పులకి చేతులు లేవన్నది వివాదం లేని విషయం.

"డిగ్రీ మీద ఎవరి పేరుంటుందండి?"

"నీ పేరే కదమ్మా. పొట్నూరి నాగవర్ధిని. గోడకెట్టుకుంటే ఎవులికి తెలస్తాది?"

లేఖకురాలి ఫారంలో 'అభ్యర్థితో మీకు గల సంబంధం' అనే గడి దగ్గర ఆమె కలం కొంచెంసేపు ఆగింది. 'పరిచయం ఉంది' అని రాసి, నాలుగూ యాభై ఏడుకి సంతకం పెట్టింది.

సోమవారం పది గంటలకి పరీక్ష. ఈసారి నంబరు చివరి వరసలో పడింది. నాగవర్ధిని చెప్పుల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, హాల్ టికెట్ వాటి పట్టీలో గుచ్చి, నిబంధన ప్రకారం తాను కింద నేల మీద కూర్చుంది. తలెత్తి ముందుకి చూసింది.

హాల్లో అరవై బెంచీలున్నాయి. మొదటి దాని మీద బస్సు కిటికీలోంచి విసిరి సీటు ఆపే రకం చేతిరుమాలు ఉంది. దాని వెనక గళ్ళ తువ్వాలు, ఆ వెనక హెల్మెట్, ఆ పక్కన ఇటుక ముక్క, టిఫిను డబ్బా, మడిచిన గొడుగు. ఒక్కోదాని పక్కన నేల మీద, రెండేళ్ళుగా తన సహాధ్యాయులనుకున్న వాళ్ళు ఒక్కొక్కరు, అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఇన్విజిలేటర్ కుర్చీలో కళ్ళజోడు పెట్టె ఉంది. ఇన్విజిలేటర్ దాని పక్కన నేల మీంచి లేచి, ప్రశ్నపత్రాలు బెంచీల మీద పెట్టుకుంటూ వచ్చాడు.

పక్కనే, నీళ్ళ సీసా కింద, కరుణ ఉంది.

"కరుణా," అంది నాగవర్ధిని. "ఎప్పట్నుంచి?"

"సేరిన కాణ్ణుంచీ. నువ్వే ముందు బెంచీలో, పైన కూకునేదానివి. ఎనక్కి ఎప్పుడూ సూడ్నేదు. ఇష్టమనుకుని మేవేటీ అన్లేదు." కరుణ బెంచీ మీంచి ప్రశ్నపత్రం అందుకుని మొదటి ప్రశ్న చదువుకుంది. తర్వాత తలెత్తకుండానే అంది, "కాళ్ళు ముడుసుకో. వచ్చీపోయీవోలకి అడ్డం."

నాగవర్ధిని కాళ్ళు ముడుచుకుంది.