నూరో నోటు

ఆ రోజు పెదకోటయ్యకు ఉన్న పని ఒక్కటే. గురజాల వెళ్లి బ్యాంకులో యాభై వేలు తీసుకోవాలి, నడికుడి వెళ్లి ఆ డబ్బు నెహెమ్యా చేతిలో పెట్టాలి, అతని చూలు గేదెపడ్డను తోలుకుని ఇంటికి రావాలి. నెహెమ్యా ముందే ఖండితంగా చెప్పాడు. నాలుగు గంటలకల్లా నూరు అయిదు వందల నోట్లు చేతిలో పడితే పడ్డ కోటయ్యది. పడకపోతే దాచేపల్లి బేరగాడిది. ఆ బేరగాడు నాలుగింటికి బండితో సహా వస్తున్నాడు.

"ఒక్క రూపాయి తగ్గించమని అడగబాక. ఇచ్చేసి తోలుకురా," అంది భార్య కొండమ్మ, పాసుపుస్తకం చేతికిస్తూ. "గేదె పోయి ఆర్నెల్లయింది. ప్యాకెట్టు పాలు తాగీ తాగీ నాలిక మొద్దుబారింది నాకు."

"ఊ," అన్నాడు కోటయ్య. రోజు మొత్తం మీద అతను మాట్లాడే మాటల్లో సగం అదే.

మాట తక్కువైనా కోటయ్య లెక్క గట్టిది. ముప్పై ఏళ్లు చుట్టుపక్కల కళ్లాల్లో కుంచంతో ధాన్యం కొలిచాడు. అతను కొలిచిన రాశిని ఏ షావుకారూ మళ్లీ కొలిపించలేదు. కాటాలు వచ్చాక కుంచం అటకెక్కింది, కోటయ్య ఇంటిపట్టున ఉండిపోయాడు. ఎకరంన్నర మీద వచ్చే కౌలు డబ్బు బ్యాంకులో పడుతుంది. దాన్ని తెచ్చేదీ లెక్కపెట్టేదీ కొండమ్మే. ఈసారి ఆమె మోకాళ్లు మొండికేయడంతో ఆ పని కోటయ్య మీద పడింది. అందుచేత డెబ్భై ఏళ్ల వయసులో మొదటిసారి నోట్ల కట్ట అతని చేతికి వచ్చింది.

కౌంటర్లో కూర్చున్న అమ్మాయి పేరు హెప్సిబా. నరసరావుపేట పిల్ల, ఉద్యోగంలో చేరి రెండు నెలలు. కట్టను మిషన్లో వేసి గర్రుమనిపించి, అద్దం కింద నుంచి తోసింది. "నూరు నోట్లు తాతగారూ. ఇక్కడే లెక్కపెట్టుకోండి."

ఇచ్చిన మనిషి ఎదుటే లెక్కపెట్టడం మర్యాద కాదని కోటయ్య నమ్మకం. వరండాలోకి వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు. పదిమందిలో డబ్బును పైకి లెక్కపెడితే దిష్టి అని ఇంకో నమ్మకం. అందుకని నోరు తెరవకుండా, పెదాలు మాత్రం కదిలిస్తూ, ఒక్కో నోటూ మోకాలి మీద పేర్చాడు. తొంభై తొమ్మిది వచ్చాయి. మళ్లీ పేర్చాడు. మళ్లీ తొంభై తొమ్మిదే.

లోపలికి వచ్చి కట్టను అద్దం కింద పెట్టాడు. "ఒకటి తక్కువమ్మా."

హెప్సిబా కట్టను మిషన్లో వేసింది. ఎర్ర అంకెల్లో నూరు అని పడింది. తిరిగి ఇచ్చింది. కోటయ్య అక్కడే నిలబడి లెక్కపెట్టాడు. తొంభై తొమ్మిది. ఆమె మళ్లీ వేసింది. నూరు. లైను వెనకనుంచి ఎవరో దగ్గారు.

గొడవేమిటా అని తలుపు దగ్గరి గార్డు వచ్చాడు. అబ్దుల్ రహీమ్‌కూ అరవై దాటాయి. ఆ చుట్టుపక్కల కళ్లాల్లో బస్తాలు మోసి మోసి, నడుము పోయాక తుపాకీ భుజానికి తగిలించుకున్న మనిషి. "ఇటియ్యి అన్నా, నే చూస్తా," అని తీసుకుని, కళ్లు సగం మూసి లెక్కపెట్టాడు. కళ్లు పూర్తిగా తెరిచాడు.

"అమ్మాయ్, కోటయ్యన్న చెప్పింది నిజమే. ఒకటి లేదు."

"మిషన్ నూరు చూపిస్తోంది కదా అంకుల్!"

"మిషనుకేం తెలుసమ్మా. మధ్యలో గాలి దూరినా నోటే అనుకుంటది."

ఈ మాట హాల్లో అందరూ విన్నారు. మేనేజరు కోటేశ్వరరావు కూడా విని తన గదిలోంచి బయటికి వచ్చాడు. మిషన్ సంగతి పక్కన పెట్టి, తన చేత్తో, వేలు తడుపుకుని మరీ లెక్కపెట్టాడు. నూరు. గర్వంగా కట్టను రహీమ్‌కు ఇచ్చాడు. రహీమ్ లెక్కపెట్టాడు. తొంభై తొమ్మిది. ఇద్దరి మధ్యా జానెడు దూరం కూడా లేదు. మేనేజరు చేతిలో పుట్టి రహీమ్ చేతిలో చస్తున్న ఆ నోటు ఎటు పోతున్నదో చూద్దామని లైన్లో వాళ్లంతా లైను వదిలి చుట్టూ మూగారు.

అప్పుడు కోటయ్యకు కోపం పోయి ఆశ్చర్యం పట్టుకుంది. ముప్పై ఏళ్లలో అతను ఇలాంటి రాశిని చూడలేదు. కొలిచినవాణ్ణి బట్టి పెరుగుతోంది, తరుగుతోంది.

"నే చూస్తా సార్," అని ఒక కాలేజీ పిల్ల ముందుకొచ్చింది. ఆమెకు నూరు వచ్చింది. వెనకాలే ఒక ముసలి రైతు చెయ్యి చాపాడు. అతనికి తొంభై తొమ్మిది. ఆటో డ్రైవరుకు నూరు. పింఛను కోసం వచ్చిన ముసలమ్మకు తొంభై తొమ్మిది. పావుగంట గడిచేసరికి ఒక్క సంగతి మాత్రం తేలింది. కుర్రకారు చేతిలో నోటు ఉంటోంది, పెద్దవాళ్ల చేతిలో పోతోంది.

"చూపు ఆనక కావచ్చు," అని మేనేజరు తన కళ్లజోడు తీసి ముసలి రైతుకు పెట్టాడు. కళ్లజోడుతో అతనికి తొంభై ఏడు వచ్చాయి. మేనేజరు కళ్లజోడు వెనక్కి తీసేసుకున్నాడు.

ముసలమ్మకు అనుమానం వచ్చింది. కొంగు ముడి విప్పి తన నోట్లు చూసుకుంది. మామూలుగా అయితే ఆమె అయిదొందలు, వెయ్యి, పదిహేనొందలు అని రూపాయల్లో లెక్కపెట్టుకునేది. ఇప్పుడు తగువంతా నోట్ల మీద నడుస్తోంది కాబట్టి ఆమె కూడా నోట్లే లెక్కపెట్టింది.

"ఓరి నాయనో! ఎనిమిదిచ్చానని ఏడే ఇచ్చింది ఈ పిల్ల!"

దాంతో హాల్లో ఉన్న పెద్దవాళ్లందరూ జేబులు, సంచులు, రొండిముడులు విప్పారు. మరో అయిదుగురికి ఒక్కో నోటు తక్కువ వచ్చింది. ఎవరికీ రెండు తగ్గలేదు, ఎవరికీ ఒకటి పెరగలేదు. మేనేజరు ముఖం పాలిపోయింది. షట్టరు సగానికి దించమన్నాడు. మిషన్ ప్లగ్గు పీకించాడు. డ్రాయరు లెక్క తీయిస్తే రూపాయి తేడా లేదు. చెత్తబుట్ట బోర్లించారు. బీరువా జరిపారు. దాని వెనక రెండేళ్ల కిందటి క్యాలెండరు ఒకటి దొరికింది.

మేనేజరు పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. "సార్, ఒక కట్ట ఉంది సార్. నాకు నూరు సార్. గార్డుకు తొంభై తొమ్మిది. మళ్లీ నాకు నూరు సార్." అవతలి మనిషి ఏదో అడిగాడు. "లేదు సార్, ఇంకా భోంచెయ్యలేదు," అన్నాడు మేనేజరు, నీరసంగా.

గోడ గడియారం రెండు చూపించింది. కోటయ్య ఫోను మోగింది.

"తోలుకొస్తన్నావా?" అంది కొండమ్మ.

"ఊహూ."

"ఏడున్నావ్?"

"బ్యాంకులో."

"ఇంకానా! ఏంది సంగతి?"

"ఒకటి తక్కువ."

"నీ లెక్క తప్పడమేంది? ఆ నోటు చేతిలో పడేదాకా అక్కణ్ణించి లేవబాక. అట్టాగని నాలుగు దాటనీబాక. పడ్డ పోయిందంటే నువ్వూ ఇంటికి రాబాక," అని పెట్టేసింది.

తన ఖాతాలో ఇంకో అయిదు వందలు ఉంటే కోటయ్య తీసుకుని వెళ్లిపోయేవాడే. లేవు. గడియారం వైపు చూశాడు. నడికుడిలో ఉన్న పడ్డను, బండి వేసుకుని బయల్దేరిన బేరగాణ్ణి తలుచుకున్నాడు.

హెప్సిబా కళ్లలో నీళ్లు తిరిగాయి. హ్యాండుబ్యాగులోంచి తన అయిదు వందల నోటు తీసి అద్దం కింద నుంచి తోసింది. "తాతగారూ, ఇది తీసుకోండి. నాది. మీ పని కానివ్వండి."

కోటయ్య చెయ్యి చాపలేదు, వద్దనీ అనలేదు. ఈలోగా ముసలమ్మా, మిగతా అయిదుగురూ అతని వెనక వరసగా నిలబడ్డారు. "మాయీ అట్టాగే ఇప్పించమ్మా," అంది ముసలమ్మ.

హెప్సిబా ఆ వరసను చూసింది, బ్యాగులోకి చూసింది. కళ్లు తుడుచుకుంది. "ఇస్తాను. కానీ ఒక్కసారి నా ఎదురుగా లెక్కపెట్టండి తాతగారూ. నోట్లో కాదు. పైకి."

కోటయ్య చుట్టూ చూశాడు. దిష్టి తగలడానికి ఇంక మిగిలిందేమీ లేదనిపించింది. కట్ట విప్పి, మొదటి నోటు కౌంటరు మీద పెట్టాడు.

"లాభం," అన్నాడు. దాని మీద రెండో నోటు పెట్టాడు. "ఒకటి." మూడో నోటు పెట్టాడు. "రెండు."

"ఆగండి ఆగండి. మొదటిదాన్ని ఏమన్నారు?"

"లాభం."

"ఆ తర్వాతది?"

"ఒకటి."

"మరి లాభం నోటు కాదా తాతగారూ?"

కోటయ్య ఆ మొదటి నోటును వింతగా చూశాడు. తన కళ్లాల్లో మొదటి కుంచాన్ని లాభం అని కొలిచి పక్కన పోయడం ఆచారం. అది కొలిచేవాడి కూలి. రైతు లెక్క దాని తర్వాత మొదలవుతుంది. ముప్పై ఏళ్లు అలాగే కొలిచాడు. అక్కడ రాశులు పోసినవాళ్లూ, బస్తాలు మోసినవాళ్లూ అందరూ అతని నోటివెంట ఆ లెక్కే విని నేర్చుకున్నారు.

"అది కొలిచేవాడి కూలమ్మా. లెక్కలోకి రాదు," అన్నాడు, సగం తనకే చెప్పుకుంటున్నట్టు.

"మరిక్కడ కొలిచింది మిషన్ కదా. దానికి కూలెందుకు?"

ముసలమ్మ తన ఎనిమిది నోట్లూ కొంగున కట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా సగం షట్టరు కిందినుంచి వంగి బయటికి వెళ్లిపోయింది. మిగతా అయిదుగురూ అదే దారి పట్టారు. రహీమ్ షట్టరు పైకెత్తి, "ఎండ చానా ఉంది ఇయ్యాల," అని రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాడు. మేనేజరు పై ఆఫీసుకు మళ్లీ ఫోన్ చేసి, అంతా సర్దుకుందనీ, ఇప్పుడు భోజనానికి వెళుతున్నాననీ చెప్పాడు.

కోటయ్య హెప్సిబా నోటును అద్దం కింద నుంచి వెనక్కి తోశాడు. "తప్పు నాదే తల్లీ. నిన్ను ఏడిపిచ్చా. ఏమనుకోమాక." ఆ నెలలో అతను ఆడిన మాటల్లో అంత పొడుగైనది లేదు.

"పర్లేదు తాతగారూ. త్వరగా వెళ్లండి, మీ పడ్డ పోతుంది," అంది ఆమె, ఈసారి నవ్వుతూ.

బస్సు దొరకలేదు. ఆటోలో పది మంది మధ్య పదకొండోవాడుగా ఇరుక్కుని, నాలుగుకు పది నిమిషాలుండగా నడికుడిలో దిగాడు. నెహెమ్యా వాకిట్లో మంచం మీద బేరగాడు మన్సూర్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ల కుర్రాడు. పడ్డ వేపచెట్టుకు కట్టేసి ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ, పొట్ట పక్కలకు దిగి, ఈనడానికి నెల కూడా పట్టేలా లేదు. కోటయ్య దాన్ని చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"వచ్చావా బాబాయ్! ఇంక రావనుకున్నా," అన్నాడు నెహెమ్యా. అతనికి యాభై దాటాయి. చిన్నతనంలో పదేళ్లపాటు కోటయ్య కొలుస్తుంటే కళ్లాల్లో గోతం మూతి పట్టుకున్న మనిషి.

కట్ట తీసుకుని వేలు తడుపుకున్నాడు. పైకి అనకుండా లెక్కపెట్టసాగాడు. కోటయ్య చూపు అతని పెదాల మీదే ఉంది. మొదటి నోటుకు నెహెమ్యా పెదాలు రెండూ ఒకదానికొకటి అంటుకున్నాయి. ఒకటి అంటే పెదాలు అంటుకోవు.

"బాబాయ్, ఒకటి తక్కువ," అన్నాడు నెహెమ్యా, చివరి నోటు పెట్టి.

"లాభం కూడా నోటేరా."

"అదేంది? లాభం లెక్కలోకి రాదని నా నెత్తిన మొట్టి మరీ నేర్పింది నువ్వే గదా. నేర్పావా లేదా?"

"నేర్పా."

"తప్పు నేర్పావా?"

కోటయ్య ఆలోచించాడు. ముప్పై ఏళ్ల కళ్లాలన్నీ కళ్లముందు తిరిగాయి. "తప్పు కాదు," అన్నాడు.

"మరింకేంది? లెక్కపెట్టింది నేను. మొదటిది నా కూలి. పడ్డ ఖరీదు కింద వచ్చింది తొంభై తొమ్మిది."

అది తప్పని చెప్పాలంటే బ్యాంకులో జరిగిందంతా చెప్పాలి. మిషన్, మేనేజరు, కళ్లజోడు, ముసలమ్మ, అందరూ వస్తారు. తక్కువలో తక్కువ రెండు వందల మాటలు కావాలి. కోటయ్య దగ్గర అన్ని లేవు.

మన్సూర్ మంచం మీద నుంచి లేచి జేబులోంచి ఫోను తీశాడు. "నెహెమ్యన్నా, నేను ఫోన్లో కొడతా. అందులో లాభం గీభం ఉండదు. యాభై వేలంటే యాభై వేలే."

నెహెమ్యా ఫోను వైపు చూశాడు. కోటయ్య వెళ్లి పడ్డ పలుపు పట్టుకున్నాడు.

"ఆ ఒకటీ బాకీ పెట్టుకో," అన్నాడు. "పాలు పోస్తా."

నెహెమ్యా కాసేపు లెక్కలు వేశాడు. పడ్డను పోగొట్టుకుంటున్నవాడికి దాని పాలైనా దక్కడం బాగానే తోచింది. "లీటరు యాభై. పది లీటర్లు. రోజుకొకటి నేనే వచ్చి పోయించుకుంటా," అన్నాడు.

"ఊ," అన్నాడు కోటయ్య.

పడ్డ ఈనింది. జున్నుపాలు అయిపోయాక నెహెమ్యా రోజూ పొద్దున్నే బండి మీద వచ్చి, లీటరు పాలు క్యానులో పోయించుకుని వెళ్లేవాడు. ఆ పది లీటర్ల బాకీ పదకొండో రోజున తీరింది.