సీసాలో తరుగు

తమ వీధిలో పెంపుడు పిల్లుల మద్యపానం పూర్తిగా అంతరించిందని వర్తక సంఘం సగర్వంగా ప్రకటించింది. ఈ ఘనత మేకుల వ్యాపారిది.

నిలవున్న సరుకు తరగక తప్పదని ఆయన సిద్ధాంతం. బీరువాలోని సీసా ఎందుకు తరిగిందని భార్య అడిగిన ప్రతిసారీ ఆయన పిల్లిని చూపించేవాడు. అది మూత ఎలా తిప్పిందనే చిల్లర ప్రశ్నలు ఆవిడ వేయలేదు. సంసారంలో ప్రతిదానికీ రసీదు అడిగితే కొట్టు నడవదు. ఆరునెలలు తిరిగేసరికి ఆ పిల్లి పేరుమోసిన తాగుబోతైంది. అలాంటిదాన్ని ఓర్పుగా భరిస్తున్నాడని ఇరుగుపొరుగు ఆయన్ని మెచ్చుకునేవారు. ఆయన వినయంగా తలవంచుకునేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన చేతిలో గ్లాసు ఒలికింది. పిల్లి నిజంగానే నాకింది. కాసేపటికి తూలింది, కక్కుకుంది, ఒళ్ళు చల్లబడి కూలబడింది. ఆయన దాన్ని తువ్వాల్లో చుట్టుకుని చెప్పుల్లేకుండా పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. వెనకే భార్య.

ఎంత తాగిందని డాక్టరు అడిగాడు.

"రోజూ పావు సీసా అండీ," అంది ఆవిడ నిదానంగా. "ఆదివారాలు సగం. కావాలంటే ఆయన్నే అడగండి."

డాక్టరు కలం ఆగిపోయింది. చెంచాడు చాలు పిల్లి ప్రాణం మీదికి రావడానికి, ఎంత తాగిందో నిజం చెబితే తప్ప వైద్యం కుదరదన్నాడు. బల్ల మీద పిల్లి ఊపిరి సన్నబడుతోంది. వ్యాపారి మనసులో తక్కెడ లేచింది. ఒకవైపు పరువు, ఒకవైపు మూడు కిలోల పిల్లి. పిల్లే మొగ్గింది.

"ఇవాళ ఓ చెంచాడండీ. దాని జన్మకి అంతే. మిగతాదంతా నేనే."

"హమ్మయ్య," అంది భార్య. "పిల్లిమీదా ఎలుకమీదా పెట్టకుండా ఎప్పుడు చెబుతారా అని ఆర్నెల్లుగా చూస్తున్నా."

సాయంత్రానికి పిల్లి కళ్ళు తెరిచింది.

సంగతి పొక్కగానే వర్తక సంఘం అత్యవసరంగా సమావేశమైంది. నోరులేని జీవానికి మద్యం అంటనివ్వడం మానవత్వానికే మచ్చ అని అధ్యక్షుడు గద్గద స్వరంతో, కుర్చీ పట్టుకుని నిలబడి ప్రసంగించాడు. "పెంపుడు పిల్లులకు మద్యం ప్రాణాంతకం" అని వీధి మొదట్లో బోర్డు పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మనుషుల మాటా ఒకటి చేరిస్తే బాగుంటుందని మేకుల వ్యాపారి నసిగాడు. బోర్డులో చోటు చాలదన్నారు.

దాంతో, ఏ ఇంట్లో సీసా తరిగినా పిల్లిని అనే వీల్లేకుండా పోయింది. ఆ వారంలోనే సంఘ సభ్యుల్లో నలుగురి ఇళ్ళకు కుక్కపిల్లలు వచ్చాయి. పిల్లలు ముచ్చటపడ్డారట. మనం నమ్ముదాం. మన ఇళ్ళలోనూ ఏదో ఒకటి పెంచుకుంటూనే ఉన్నాం కదా.