కేశవరావు గారి లాగిన్

ఆ గురువారం పొద్దున జితేందర్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. పదింటికల్లా మేనేజర్ మనీషా చేత హెచ్‌వన్ వీసా ఎక్స్‌టెన్షన్ లెటర్ మీద సంతకం పెట్టించుకోవాలి, మధ్యాహ్నంలోగా లాయర్‌కి పంపాలి. ఆ రోజు దాటితే ఇక పెట్టె సర్దుకోవాల్సిందే. అమెరికాలో క్యారీ ఊళ్లోని ఆ కంపెనీలో అతనిది కాపలా ఉద్యోగం. ఎవరు నెట్‌వర్కులోకి వచ్చారో, ఎంతసేపు ఉన్నారో రాసుకునే సర్వర్లను కనిపెట్టుకుని ఉండాలి. తేడా వస్తే అవే పైవాళ్లకు అలర్టు కొడతాయి.

ఏడూ పన్నెండుకు తెర మీద ఒక పేరు వచ్చింది. కేశవరావు. ఇంటి నుంచి కనెక్ట్ అయ్యారు. పాస్‌వర్డ్ సరైనదే.

కేశవరావు గారు పోయి రెండు నెలలైంది. ఫ్యూనరల్ హోమ్‌లో శవపేటిక పట్టుకున్నవాళ్లలో జితేందర్ ఒకడు.

పాత రికార్డులు తీసి చూశాడు. రోజూ ఏడూ పన్నెండుకు రావడం, అయిదున్నరకు వెళ్లడం. బతికున్నప్పటి టైమింగులే. పద్ధతిగా వచ్చిపోయేవాళ్ల మీద అలర్టు మోగదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు. పైగా ఒక్క ఫైలూ తెరవలేదు. వచ్చి ఊరికే కూర్చుంటున్నారు.

"ఏదో తీరని కోరిక ఉండుంటుంది," అన్నాడు పక్క సీటు ఫణికుమార్, గొంతు తగ్గించి. "లాస్ట్ అప్రైజల్‌లో ఆయన రేటింగ్ ఎంతరా?"

"మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్."

"అదీ సంగతి. పాస్ మార్కులతో సరిపెట్టారన్నమాట."

జితేందర్‌కి నవ్వు రాలేదు. అతని భయం దెయ్యం గురించి ఒక్కటే కాదు. ఆ అకౌంట్ మూసేయమని పని పురమాయించే టికెట్ వచ్చింది తనకే. పెద్దకర్మ కాకుండా మనిషి పేరు కొట్టేయడం మంచిది కాదని పక్కన పెట్టాడు, తర్వాత శుభ్రంగా మర్చిపోయాడు. ఇది బయటపడితే మనీషా సంతకం పెట్టదు.

గుట్టుగా మూసేద్దామనుకున్నాడు. కానీ మనిషి లోపల ఉండగా సిస్టమ్ మూయనివ్వదు. ముందు కనెక్షన్ తెంపాడు. నిమిషంలో కేశవరావు గారు తిరిగొచ్చారు. మళ్లీ తెంపాడు. ఈసారి అర నిమిషంలోనే వచ్చారు.

"వద్దురా, ఆయనకి కోపం తెప్పిస్తున్నావ్," అన్నాడు ఫణి.

జితేందర్ వినలేదు, మూడోసారీ తెంపాడు. ఆయన మళ్లీ వచ్చారు. మూడోసారి తెంపినా తిరిగొస్తే సర్వరే పైకి చెబుతుంది. ఆ రూలు రాసింది తనే అయినా కంగారులో గుర్తు రాలేదు. వైస్ ప్రెసిడెంటుతో సహా పదకొండు మంది ఫోన్లు ఒక్కసారిగా మోగాయి: 'కేశవరావును మూడుసార్లు బయటకు పంపాం. వెళ్లడం లేదు.'

బిల్డింగులో ఎవరో దూరారనుకుని గార్డులు తలుపులు మూసి, ఆయన బ్యాడ్జి ఫొటో పట్టుకుని అన్ని ఫ్లోర్లూ వెతికారు. కెఫెటేరియాలో ఒకాయన ఇప్పుడే చూశానని కూడా చెప్పాడు. మనీషా పాలిపోయిన ముఖంతో వచ్చింది.

"అడ్రస్ ఆయన ఇంటిదే జితేందర్. నడు, వెళ్దాం."

తలుపు తీసింది కేశవరావు గారి భార్య ఉమామహేశ్వరి. హాల్లో దండ వేసిన ఫొటో. దాని ముందు కంపెనీ ల్యాప్‌టాప్, పచ్చ లైటు, పొగలు కక్కుతున్న కాఫీ.

"ఆ లైటు వెలిగితే గానీ కాఫీ ముట్టేవారు కాదమ్మా. పాస్‌వర్డ్ నా పేరే. రోజూ నేనే పెడుతున్నా." ఆవిడ ఫొటో వైపు చూసింది. "ఇవాళ మూడుసార్లు ఆరిపోయింది. ఆయనకి నా మీద కోపం వచ్చిందేమో."

జితేందర్ మనీషా వైపు చూశాడు. సంతకం కాని లెటర్ ఇంకా ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఈవిడ ఎన్నాళ్లిలా భయపడుతూ బతకాలి?

"అంకుల్ కాదు ఆంటీ. నేనే బంద్ చేసిన. ఆ అకౌంట్ రెండు నెలల కిందనే తీసెయ్యాల్సింది. తియ్యలే. తప్పు నాది."

ఉమామహేశ్వరి అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏడ్చాక తేలికపడింది. తనే ల్యాప్‌టాప్ మూసి, తుడిచి, అతని చేతికిచ్చింది.

ఇద్దరూ కారెక్కారు.

"ఈ ల్యాప్‌టాప్ కలెక్ట్ చేయాల్సింది నేను," అంది మనీషా. "ఆ ఇంటికెళ్లి ఎలా అడగాలో తెలీక, తెచ్చేశానని రాసేశాను. పెన్నుందా?"

లెటర్‌ని స్టీరింగు మీద పెట్టుకునే సంతకం చేసింది.

సర్వర్లు తమంతట తాము తయారుచేసిన నెలాఖరు నివేదికలో, అందరికంటే ఎక్కువ గంటలు పనిచేసిన ఉద్యోగిగా కేశవరావు గారి పేరే మొదట ఉంది.