అమ్మ దీవెనకు ఏ సిస్టమ్ కావాలి?

ఒక కంప్యూటర్‌లో దాచిన ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోకపోవడం మానవజాతికి దక్కిన వరం! నవ్వకండి. నరీన్ ఊళ్లో కూర్చుని ఇరవై ఏళ్లుగా పత్రికకు లోకం తీరు రాస్తున్నదాన్ని, ఊరికే అనను.

మా కిర్గిజ్ వాళ్లలో ఏడు తరాల తాతల పేర్లు చెప్పలేనివాడికి పిల్లనివ్వరు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ చేసే పనీ అదే కదా? "నీది ఏ సిస్టమ్? మీ పెద్దలెవరు?" అని ఆరా తీసి, సంబంధం కుదరకపోతే తలుపేసుకుంటుంది. ఇంత ఆచారం తెలిసిన వస్తువు మన ఇళ్లలో ఇంకేముంది? ఫ్రిజ్ ఎవరు లాగినా తెరుచుకుంటుంది, సిగ్గులేనిది!

పోయిన ఆకురాలు కాలంలో మా అమ్మ మంచాన పడింది. మనవరాలి, అంటే నా కూతురు బెగిమాయ్ పెళ్లిదాకా తాను ఉండనని ఆమెకు తెలుసు. అందుకే పిల్లను అత్తారింటికి పంపే రోజు ఇవ్వాల్సిన దీవెనను ముందే చెప్పి, నా తమ్ముడు తలాంత్ చేత వీడియో తీయించింది. "ఆ రోజుదాకా ఎవరూ వినకండి. ముందే వింటే దీవెన చల్లారిపోతుంది" అంది. కొన్నాళ్లకే పోయింది. తలాంత్ బుద్ధిగా దాన్ని డ్రైవ్‌లోకి మార్చాడు. లాప్‌టాప్‌లో చోటు చాలక అక్కడి నుంచి తీసేశాడట. పెళ్లికి నాలుగు రోజుల ముందు రాజధాని బిష్కెక్ నుంచి ఆ డ్రైవ్‌ను టాక్సీ డ్రైవర్ చేతికిచ్చి పంపాడు.

మా కంప్యూటర్ దాన్ని చూసి ఒక్కటే అడిగింది: "ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి. చేయమంటారా?"

ఫార్మాట్ అంటే లోపలున్నదంతా చెరిపేయడమే కదా, వద్దన్నాను. ఇక చూడండి, వరం మొదలైంది! పక్కింటి కుబాత్ అన్న దగ్గరికి వెళితే టీ పోశారు. బడికి వెళితే వేడివేడి పిండి బౌర్సోక్‌లు వేయించి పెట్టారు. పశువుల డాక్టరు భార్యకూ నాకూ మూడేళ్లుగా మాటల్లేవు. వాళ్లింటికీ వెళితే ఆవిడ నన్ను కావలించుకుని, నేను చేసిన తప్పులన్నీ వరసగా గుర్తుచేసి మరీ క్షమించింది. తలాంత్ లాప్‌టాప్‌ది ఒక సిస్టమ్, మా ఊరివాటిది ఇంకొకటి కనుక కంప్యూటర్లు మాత్రం మూడుచోట్లా అదే ప్రశ్న వేశాయి. అన్నీ ఒకే సిస్టమ్ అయితే ఎవరింటికి ఎవరు వెళ్తారండీ?

తలాంత్ ఫోన్‌లో అరిచాడు. "అక్కా, నీకు దండం పెడతా, దేన్నీ నొక్కకు! పెళ్లికి నా లాప్‌టాప్ నేనే పట్టుకొస్తా."

పెళ్లిరోజు కనుమదారి మంచుతో మూసుకుపోయింది. తలాంత్ అవతలే ఆగిపోయాడు. ఇక్కడ అతిథులు కూర్చున్నారు, మాంసం ఉడికింది. బెగిమాయ్ నా చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మ మాట వినకుండా నేను గడప దాటనమ్మా."

కుబాత్ అన్న టీవీకి కంప్యూటర్ తగిలించాడు. "ఇంకొక్కసారి చూద్దాం. ఇంతమందిని చూసైనా సిగ్గుపడుతుందేమో!"

పడలేదు. టీవీ నిండా అదే ప్రశ్న. అంతలో మగపెళ్లివారి కార్లు వచ్చాయని కుబాత్ అన్న బయటికి పరుగెత్తాడు. మాలో మొదటి ముక్క కోసినా, మొదటి మాట పలికినా వయసులో పెద్దవారే. అందుకని ఎవరో పిల్ల మౌస్ తీసుకెళ్లి ఎనభై ఆరేళ్ల ఎసెన్‌కుల్ తాత చేతిలో పెట్టింది.

"ఏమంటోందే ఇది?"

"చేయమంటారా అని అడుగుతోంది తాతా."

"పెళ్లింట్లో అడిగితే కాదంటారా ఎవరైనా? అవును అనండి. ఓమీన్!"

తాత దీవెన ముగించినట్టు అరచేతులతో ముఖం తడుముకుని మౌస్ నొక్కాడు. నేను వంటింట్లోంచి పళ్లెంతో వచ్చేసరికి గదంతా తథాస్తు అన్నట్టు ఓమీన్ అంటోంది.

తర్వాత తాత తన దీవెన ఇచ్చాడు. మంచి దీవెనే. కానీ మా అమ్మది కాదు. బెగిమాయ్ ఏడుస్తూనే గడప దాటింది.

తాతను ఏమీ అనలేను. నా కోపమంతా ఆ ప్రశ్న మీదే. "ఈ రాత నాకు చదవడం రాదు" అని ఒప్పుకుంటే దాని సొమ్మేం పోయింది? తనకు రాని రాతను చెరిపేయమంటారా అని అంత మర్యాదగా అడగడమేమిటి? అమ్మ ఏం చెప్పిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. తీసిన తలాంత్ కూడా ఏడుపు ఆపుకునే తొందరలో సరిగా వినలేదట. బిష్కెక్‌లో రిపేరు చేసేవాడు నెలరోజులు చూసి చేతులెత్తేశాడు.

అయినా వరం వరమే! ఆ డ్రైవ్ ఇప్పుడు మా ఇంట్లో, బడిలో, తలాంత్ లాప్‌టాప్‌లో, ఎక్కడ పెట్టినా ఒక్క ప్రశ్న వేయకుండా తెరుచుకుంటోంది. నేను రోజూ పెట్టి చూస్తున్నాను.