తొట్టిలో చుట్టాలు

సోమవారం పొద్దున్న కాఫీ తాగుతూ రాజరత్నం వేసుకున్న పథకం చిన్నదే. కాలవలో నత్తలు ఏరుకురావాలి, చర్చి బాప్తిస్మపు తొట్టిలో వదలాలి. ఆదివారానికల్లా అవి పాచంతా తినేస్తాయి.

"బ్రష్షు పెట్టి తోమి, బ్లీచింగు జల్లొచ్చుగా?" అంది భార్య మెర్సీ.

"పోయినేడు జల్లితే ఏమైంది? మునిగినవాళ్ళందరికీ కళ్ళెర్రబడి ఒకటే ఏడుపు. పాస్టరుగారేమో పశ్చాత్తాపం అనుకున్నారు."

ఈసారి మునగబోయేది అతని కూతురు దీవెన. అత్తగారు సంపూర్ణమ్మ అప్పుడే ఊరంతా చాటేసింది. "నేనూ, మా అమ్మా కాలవలోనే మునిగాం. నా మనవరాలూ అక్కడే. ఆ సిమెంటు గోలెం ఎవరిక్కావాలి?" ఆ గోలెం కోసం సంఘంతో పోట్లాడి మరీ కట్టించినవాడు కార్యదర్శి రాజరత్నమే. అది పచ్చగా ఉందంటే అత్తగారు గెలిచినట్టు. అల్లుడికి అంతకన్నా అవమానం ఉంటుందా?

బుట్టెడు నత్తలు దిగాయి. దిగి, మూతలు బిగించుకుని కూర్చున్నాయి. మర్నాడూ అంతే.

"పాచి తింటాయని ఫోన్లో చదివానండి. ముట్టనైనా ముట్టట్లేదు" అని రాజరత్నం పాస్టరు సుకుమార్ గారి దగ్గర వాపోయాడు. సాయంత్రం కూడికలో ఆయన దాన్ని ప్రార్థన అంశంగా చెప్పారు. అక్కడే కొంప మునిగింది. పాలకొల్లు చుట్టుపక్కల ఎవరైనా వచ్చి తినకుండా కూర్చుంటే ఊళ్ళో ఎవరికీ ముద్ద దిగదు.

"కొత్త చోటు కదండీ, మొహమాటపడతన్నాయి" అని సంఘంలోని బుల్లెమ్మ తవుడు తెచ్చి పోసింది. చంద్రరావు బీరకాయ చెక్కు వేశాడు. "ఒట్టి పాచి ఎలా తింటాయండీ పాపం, నంజుకోడానికేమైనా ఉండొద్దూ?" అని సూర్యకళ ఉడికించిన గుడ్డు చిదిమి వేసింది.

నత్తలు మూతలు తెరిచాయి.

"తింటున్నాయి!" అని రాజరత్నం ఎగిరి గంతేసి, తనూ ఓ దోసెడు తవుడు వేశాడు. తిన్నాయి సరే, తవుడే తిన్నాయి. ఎదురుగా అంత మెత్తటి భోజనం ఉంటే గోడ గీక్కునే ఖర్మ వాటికేం పట్టింది? మిగిలిందంతా కుళ్ళి, శుక్రవారానికి తొట్టి చిక్కటి కుడితి అయింది. శనివారం చంద్రరావు గేదె తాడు తెంపుకుని వచ్చి, మూతి పెట్టి సగం తాగేసింది. దాన్ని చర్చి ఆవరణలోంచి బయటికి లాగడానికి నలుగురు కావలసి వచ్చింది.

ఆదివారం అందరూ కాలవకే వెళ్ళారు. గంజిపెట్టిన చీరలో ముందు నడిచింది సంపూర్ణమ్మ. "రండి అల్లుడుగారూ, బురద, జాగ్రత్త" అంది ఎంతో ఆప్యాయంగా. దీవెన నవ్వుతూ మునిగి, నవ్వుతూ లేచింది. ఆ గంటలో నవ్వనివాడు రాజరత్నం ఒక్కడే.

తిరిగొచ్చి, తొట్టి చుట్టూ ఉన్న కంచె గేటుకు తాళం కొట్టాడు. "ఒక్కళ్ళు ఒక్క మెతుకేసినా ఊరుకోను!"

మర్యాదలు ఆగిపోయేసరికి నత్తలు పనిలో పడ్డాయి. ముందు అడుగున కుళ్ళింది తిన్నాయి, తర్వాత వేరే దారి లేక గోడలెక్కి పాచి గీకాయి. నెల తిరక్కుండానే తొట్టి అడుగు తెల్లగా మెరిసింది. రాజరత్నం అత్తగారిని పనిగట్టుకుని తీసుకొచ్చి చూపించాడు.

ఆవిడ వంగి చూసింది. "అద్దంలా ఉంది అల్లుడుగారూ. మళ్ళీ బాప్తిస్మాలెప్పుడు?"

"ఈస్టరుకండి అత్తయ్యగారూ. ఇంకా బోలెడు నెలలుంది."

"మరి అప్పటిదాకా ఇవేం తింటాయి?"

ఇప్పుడు రోజూ పొద్దున్నే కార్యదర్శిగారు కాలవకు వెళ్ళి, తొట్టికి బకెట్టుతో పాచి మోసుకొస్తున్నారు.