రెండు సిస్టమ్‌లు, ఒక బకెట్

"ఒకే కంప్యూటరు, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు. ఇక ప్రజలకి రెట్టింపు సేవ," అని మంచినీళ్ల శాఖ పెద్దమంత్రి గారు ప్రకటించారు.

ఇంత గొప్ప ఆలోచన ఊరికే పుట్టలేదు. సంకీర్ణ ప్రభుత్వం కాబట్టి ఆ శాఖకి ఇద్దరు మంత్రులు. పెద్దమంత్రి హయాంలో ఆఫీసు కంప్యూటర్లలో 'ప్రగతి' అనే సిస్టమ్ వేశారు. మిత్రపక్షం నుంచి వచ్చిన చిన్నమంత్రి, తమ సిస్టమ్ కూడా లేకపోతే మద్దతు గురించి కాస్త ఆలోచించుకోవాల్సి వస్తుందని ఎంతో మర్యాదగా చెప్పారు. మర్నాటికల్లా ప్రగతి పక్కన 'సుగతి' వెలిసింది.

కుళాయిల ఆఫీసులో ఆపరేటరమ్మది కాంట్రాక్టు ఉద్యోగం. నెలాఖరుకి రెన్యువల్. అది కాక, వాళ్లింటి కుళాయి దరఖాస్తు కూడా ఆ కంప్యూటర్లోనే సగం టైపై కూర్చుంది. అత్తగారు వీధి చివర ట్యాంకరు దగ్గర రోజూ బకెట్ నింపుకొస్తూ, "నీళ్ల ఆఫీసు కోడల్ని ఏరి కోరి తెచ్చుకున్నానమ్మా, నా నడుం చూడండి," అని కనపడ్డవాళ్లందరికీ చెప్పేది. కోడలికి సిగ్గుతో తల ఎత్తాలనిపించేది కాదు.

సిస్టమ్ వేసిన కాంట్రాక్టరు వెళ్తూ వెళ్తూ ఒక ముక్క చెప్పాడు. స్విచ్ వేయగానే తెర మీద రెండు పేర్లొస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. పది సెకన్లు ఊరుకుంటే పైనున్నది దానంతటదే తెరుచుకుంటుంది. ఆ ఒక్క ముక్కతో ఆఫీసు కొంప మునిగింది.

చిన్నమంత్రి పీఏ వచ్చి తెర చూశాడు. "మావాళ్లు కిందా?"

"అక్షర క్రమం సార్," అన్నారు ఆఫీసరు గారు.

"అక్షరాలు ఏ పార్టీ?"

సుగతిని పైకెక్కించారు. మధ్యాహ్నం పెద్దమంత్రి పీఏ వచ్చి, "మావాళ్లు కిందా?" అన్నాడు. పక్కపక్కన పెడదామంటే కుడిపక్క ఎవరిదన్నారు. సరి తారీఖులు ఒకరికి, బేసి తారీఖులు ఒకరికి అంటే, ముప్పై ఒకటి తర్వాత వచ్చే ఒకటో తారీఖు కూడా బేసేనని ఎవరో మహానుభావుడు లెక్క తీశాడు. చివరికి రెండు పేర్లూ ఒకే సైజులో, గంటగంటకీ కుడి ఎడమలు మారేలా పెట్టి, ఆ పది సెకన్ల గొడవ పీకి పారేశారు.

"ఇక ప్రజాస్వామ్యం నీ చేతుల్లో ఉందమ్మా. స్వేచ్ఛగా ఎంచుకో," అన్నారు ఆఫీసరు గారు. "ఏది ఎంచుకున్నావో సాయంత్రానికి మంత్రులిద్దరికీ రిపోర్టు వెళ్తుంది."

"ఏది ఎంచుకోమంటారు సార్?"

"అది చెబితే నేను ఎంచుకున్నట్టవుతుంది కదమ్మా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆపరేటరమ్మ రోజూ వేళకి వచ్చి, స్విచ్ వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కిటికీ అవతల జనం పెరిగారు.

"సిస్టమ్ పనిచేయట్లేదా?"

"భేషుగ్గా పనిచేస్తోందండీ. ఎంచుకోవడమే పెండింగు."

ఏ పక్షానికీ ఒరగని ఆఫీసు ఇదొక్కటేనని మంత్రులిద్దరూ మెచ్చుకున్నారు. ఆఫీసరు గారికి మెమెంటో కూడా ఇచ్చారు.

ఒకరోజు ట్యాంకరు రాలేదు. అత్తగారు ఖాళీ బకెట్ పట్టుకుని తిన్నగా ఆఫీసుకొచ్చింది.

"నా దరఖాస్తు ఏదే?"

"లోపలే ఉంది అత్తయ్యా. తీయాలంటే ఒకటి నొక్కాలి. నొక్కితే నా ఉద్యోగం పోతుంది."

"నొక్కకపోతే నా నడుం పోతుంది."

ఆవిడ కళ్లజోడైనా పెట్టుకోలేదు. బకెట్ కింద పెట్టి, కీబోర్డు మీద అన్నిటికన్నా పెద్దగా కనపడ్డ మీటని ఒక్క పోటు పొడిచింది.

సుగతి తెరుచుకుంది. ప్రగతిలో ఉండే పాత నీలం తెరే. మధ్యలో అత్తగారి దరఖాస్తు, ఇంటి నంబరు సగంలో ఆగి ఉంది. ఆఫీసరు గారు పరుగున వచ్చారు. చటుక్కున ఆపి, మళ్లీ వేసి, లెక్క సరిపోవాలని తన చేత్తోనే ప్రగతిని నొక్కారు. అదే నీలం తెర. అదే దరఖాస్తు. ఇంటి నంబరు అక్కడే ఆగి ఉంది.

ఆఫీసరు గారు కాసేపు తెర వైపు, కాసేపు తలుపు వైపు చూశారు.

"ఏం చూశావమ్మా?"

"ఏమీ చూడలేదు సార్."

"బుద్ధిమంతురాలివి. రెన్యువల్ కాగితం రేపు పట్టుకెళ్లు."

"నేను చూశాను," అంది అత్తగారు.

ఆఫీసరు గారు తన కుర్చీ తెచ్చి ఆవిడకి వేశారు. "మీకు కుళాయి కావాలన్నారు కదండీ."

సాయంత్రం రిపోర్టు వెళ్లింది. ఒకే పౌరురాలు, ఒకే దరఖాస్తు, రెండు సిస్టమ్‌లూ. మంత్రులిద్దరూ కదిలిపోయారు. రెండు పార్టీలనీ సమానంగా నమ్మిన ఆ తల్లికి ఒక్క కుళాయి ఏ మూలకని, చెరొకటి మంజూరు చేశారు.

ఆదివారం పొద్దున్నే ఇంటి గోడకి రెండు కుళాయిలు పక్కపక్కన బిగించారు. ఏ పార్టీ కుళాయికి ఆ పార్టీ రంగు. మంత్రులు వచ్చారు, రిబ్బన్లు కత్తిరించారు, రెట్టింపు సేవ గురించి మళ్లీ చెప్పారు. ఫొటోగ్రాఫరు అత్తగారిని కుళాయి తిప్పమన్నాడు.

ఆవిడ కోడలి వైపు చూసింది. "ఏది తిప్పనే?"

"ఏదైనా ఒకటే అత్తయ్యా."

అత్తగారు రెంటి మధ్యా బకెట్ పెట్టి, ఫొటో తీసేదాకా నవ్వుతూ నిలబడింది. తర్వాత ఆ ఖాళీ బకెట్టే పట్టుకుని వీధి చివరికి నడిచింది. ట్యాంకరు వచ్చే వేళయింది.