మాస్టారు గైర్హాజరు

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి. ఈ కథలో మంత్రిగారున్నారు, మర్యాదగా వినాలి.

వైద్య మంత్రిగారు కాశీబుగ్గ సభకొచ్చి చరిత్రాత్మక ప్రకటన చేశారు. "సరిహద్దులో సేవ చేసిన చెయ్యి ఉద్దానంలో సూది పట్టకూడదా? సైన్యంలో నేర్చిన వైద్యానికి ఇకనుంచి ఇక్కడ లైసెన్సు ఇస్తాం." మైకు కూడా కీచుమని ఒప్పుకుంది.

ముందు వరసలో జీవరత్నమ్మ కూర్చుంది. కిడ్నీలు రెండూ పాడై, డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు టెక్కలి బస్సెక్కే మనిషి. వజ్రపుకొత్తూరు దగ్గర ఆమె ఊళ్లోనే సర్కారువారు కొత్త మిషను పెట్టారు గానీ, నడిపేవాడు లేక దాని ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. ఆమె కొడుకు నతానియేల్ మిలటరీ ఆస్పత్రిలో అలాంటి మిషన్ల దగ్గరే పనిచేసి రిటైరయ్యాడు. లైసెన్సు ఒక్కటే తక్కువ.

"ఇంక నీ సేతే సూది పెట్టించుకుంటాన్రా," అంది జీవరత్నమ్మ.

తల్లీకొడుకులు లైసెన్సుల అధికారి ఉషారాణిగారి దగ్గరికెళ్లారు. ఆవిడ నిప్పు. రూలు తప్పి మంచినీళ్లు కూడా తాగరు.

"అక్కడ ఎవరికి చేశావు డయాలసిస్?"

"సిపాయిలకండి."

"అదే చిక్కు. వాళ్లు అటెన్షన్‌లో ఉంటారు. పౌరుల నరాలకి ఆ డిసిప్లిన్ ఉండదు. బ్రిడ్జి కోర్సు చెయ్యాలి."

"నానూ అటెన్షన్‌లోనే తొంగుంటానమ్మా, రాసీండి," అంది జీవరత్నమ్మ.

"ఫారంలో పేషెంటు హామీకి కాలమ్ లేదమ్మా."

మంత్రిగారు మాట మీద నిలబడే మనిషి. పలాసలో కోర్సు పెట్టించారు. పాఠం చెప్పేదెవరని జిల్లా అంతా గాలిస్తే, డయాలసిస్ తెలిసి ఖాళీగా ఉన్నవాడు ఒక్కడే దొరికాడు. అలా నతానియేల్‌కి ఒకే కవర్లో రెండు ఆర్డర్లొచ్చాయి: విద్యార్థిగా చేరమని ఒకటి, మాస్టారుగా చేరమని ఒకటి.

మిగతా విద్యార్థులూ సైన్యంతో సంబంధం ఉన్నవాళ్లే. ఒకడి తండ్రి మిలటరీ క్యాంటీనుకి జీడిపప్పు అమ్మాడు. పార్టీ కార్యకర్త హరిబాబు బడిలో ఎన్‌సీసీ చేశాడు, యూనిఫాం ఇచ్చేదాకా.

"ఆ సూది బొమ్మ పెద్దగా ఎయ్యి మావా, అవుపడ్డం లేదు," అనేవాడు హరిబాబు చివరి బెంచీ నుంచి.

"కళ్లు తెరువు బావా, అవుపడతాది."

పరీక్షలయ్యాయి. అందరూ పాసయ్యారు, హరిబాబు ఫస్టు. నతానియేల్ ఒక్కడే ఫెయిలు. కారణం, హాజరు లేదు.

"ఒక్కరోజూ బెంచీ మీద లేవు," అన్నారు ఉషారాణిగారు.

"బోర్డు దగ్గర నిలబడ్డానండి."

"బోర్డు దగ్గర నిలబడితే మాస్టారు. మాస్టారికి లైసెన్సని మంత్రిగారు ఎక్కడన్నారు? అసలు హాజరు వేసిందెవరు?"

"నేనేనండి."

"మరి నీకు నువ్వు వేసుకోలేదేం?"

"నిలబడ్డవాణ్ణి కూర్చున్నానని ఎలా రాస్తానండి?"

ఉషారాణిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అదీ మిలటరీ ట్రైనింగంటే," అన్నారు మెచ్చుకోలుగా. ఫెయిలు ముద్ర మాత్రం గట్టిగానే వేశారు.

హరిబాబుకి ఊరి మిషను దగ్గర పోస్టింగిస్తే, సముద్రపు గాలి పడదన్నాడు. టెక్కలికి మార్చారు. ఊళ్లో మిషను కవర్లోనే ఉంది.

జీవరత్నమ్మ మళ్లీ టెక్కలి బస్సెక్కింది. కొడుకు తోడెళ్లాడు. లైసెన్సు లేనివాళ్లు లోపలికి రాకూడదని రాసుంటే, అద్దం తలుపు బయట ఆగిపోయాడు. లోపల హరిబాబు తెల్లకోటు వేసుకుని, చెమట తుడుచుకుని, జేబులోంచి ఫోను తీశాడు. బయట నతానియేల్ ఫోను మోగింది.

"మావా, మీయమ్మొచ్చింది. ఎర్ర ట్యూబు ఏ సూదికి, నీలంది ఏ సూదికి?"

నతానియేల్ అద్దానికి మొహం ఆనించి చెప్పసాగాడు. జీవరత్నమ్మ చెయ్యి చాపి, కాళ్లు దగ్గరికి చేర్చి, కదలకుండా పడుకుంది.

"అటెన్షన్‌లోనే ఉన్నాను నాయినా. మాస్టారు సెప్పింది పూర్తిగా ఇని, అప్పుడు గుచ్చు."

ఇదర్రా సంగతి. మరిచిపోకండి, ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. మంత్రిగారు మాట తప్పారని మాత్రం అనకండి, పాపం. సైన్యంలో నేర్చిన వైద్యానికి లైసెన్సు వచ్చింది.